ఎత్తి పోసుకున్న నీళ్లు

అక్క వంటింట్లో సింకు లోపల ఇంకో ప్లాస్టిక్ తొట్టి ఉండేది. యార్క్‌షైర్‌లో దిగాక నాకు మొట్టమొదట అసహ్యం పుట్టించింది ఆ తొట్టే. అందులో వేడినీళ్లు పోసి, సబ్బు కలిపి, గిన్నెలన్నీ ముంచేవాళ్లు. ముందు గ్లాసులు, తర్వాత కంచాలు, ఆఖరున అడుగంటిన మూకుడు, అన్నీ ఆ నీళ్లలోనే. కాసేపటికి ఆ నీళ్లు అచ్చం కుడితిలా తయారయ్యేవి. అందులోంచి తీసిన కంచాన్ని కుళాయి కింద పెట్టి కడుగుతారేమోనని చూశాను. ఎక్కడా! నురగతో సహా స్టాండులో నిలబెట్టి, గుడ్డతో తుడిచి, అలమరలో పెట్టేశారు. కడిగింది పక్కింటి పెద్దాయన. తుడిచింది మా అక్క, ఏది ముట్టుకున్నా రెండుసార్లు చేతులు కడుక్కునే మా అమ్మ పెద్దకూతురు.

"ఏంటే ఆ మొహం?" అంది అక్క.

"ఏం లేదు, జెట్ లాగ్," అన్నాను.

మేముండేది టొరంటోలో, నార్త్ యార్క్‌లో, సబ్‌వే స్టేషన్ పక్కన పద్నాలుగో అంతస్తులో. అక్క ఉండేది ఇంగ్లండ్‌లో, నార్త్ యార్క్‌షైర్ కౌంటీలో, రోగాలు కుదిర్చే నీళ్లున్నాయని పాతకాలంలో పేరుపడ్డ ఒక ఊళ్లో. పేర్లు దగ్గరగా ఉండటంతో మేమిద్దరం పక్కపక్కనే ఉన్నామనుకుని మా అమ్మ నిశ్చింతగా పోయింది. అక్క అక్కడి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. బావ పోయి ఆరేళ్లు. పోయిన చలికాలం అక్కకి తుంటి ఆపరేషన్ జరిగింది. నాకు బ్యాంకులో సెలవు దొరకలేదు. దొరికితే మాత్రం వెళ్లేదాన్నా అంటే, ఏమో. రోజూ ఫోన్ మాత్రం చేశాను. పక్కింటాయన సాయం చేస్తున్నాడని అక్క చెబితే, వారానికోసారి పాల ప్యాకెట్ తెచ్చిస్తున్నాడు కాబోలనుకున్నాను.

అక్కని నా దగ్గరికి తెచ్చేసుకోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉంది కాబట్టి వీసా గొడవ లేదు. ముందు ఆరునెలలు విజిటర్‌గా వస్తుంది, తర్వాతి సంగతి తర్వాత. మా అమ్మాయి ఎక్కడో దూరంగా సస్కటూన్‌లో యూనివర్సిటీకి వెళ్లిపోయింది కనక దాని గది ఖాళీ. గోడలకి రంగు వేయించాను. తుంటి మార్చినవాళ్లకి ఎత్తు మంచం మంచిదని వెతికి మరీ కొన్నాను. తిరుగు ప్రయాణానికి నా పక్క సీటే అక్కకి బుక్ చేశాను. ఫోన్‌లో మంచం చూపిస్తే మా అమ్మాయి, "మామ్, డిడ్ యూ ఈవెన్ ఆస్క్ హర్?" అంది. అడిగేదేముంది, ఒంటరి మనిషి, ఎగిరి గంతేస్తుంది అన్నాను.

ఒంటరితనం నాది. అది ఎవరికీ చెప్పలేదు. మా ఆయన పొద్దున్నే చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మీటింగుల్లో కూర్చుంటే, మళ్లీ అన్నానికే తీసేది. అమ్మాయి రెండు మెసేజ్‌లకి ఒక జవాబు ఇస్తుంది. నాతో తెలుగులో పోట్లాడే మనిషి నాకు కావాలి. అందుకే వెళ్లాను.

వెళ్లాక చూస్తే ఏముంది! బాత్రూమ్‌లో కార్పెట్. కాళ్లు తడుపుకునే చోట కార్పెట్ వేసుకున్న మనుషుల్ని ఏమనాలి? దాని మీద కాలు పెడితే చెమ్మగా, మెత్తగా తగిలి ఒళ్లు జలదరించేది. వాష్‌బేసిన్‌కి రెండు కుళాయిలు, ఒకదాంట్లో చెయ్యి కాలుతుంది, రెండోదాంట్లో కొంకర్లు పోతుంది. అద్దం ముందు ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు, ఒకదాని ముళ్లు ఒకదానికి ఆనుకుని. గుమ్మం దగ్గర మగవాళ్ల చెప్పులు. సోఫాలో వాళ్ల కుక్క, దాని బొచ్చు నా శాలువా మీద. పక్కింటాయన పక్కింట్లో ఉండటం మానేసి చాలాకాలమైందని వెళ్లిన గంటలో తెలిసిపోయింది. బస్సు నడిపి రిటైరైన మనిషి, డెబ్భై దాటినవాడు, తెల్లటి కనుబొమలు. నన్ను చూసి నవ్వితే కక్కలేక మింగలేక నేనూ నవ్వాను.

మర్నాటినుంచి పొద్దున వాళ్లిద్దరూ కుక్కని తిప్పడానికి వెళ్లగానే, అలమరలోని గ్లాసులు, కంచాలు అన్నీ దించి కుళాయి కింద కడిగేదాన్ని. తొట్టిని మాత్రం ముట్టుకోలేదు. రెండురోజులు రహస్యంగా సాగింది. మూడోరోజు ఆయన గుడ్డసంచీ మర్చిపోయి వెనక్కి వచ్చి చూశాడు. నాకు ప్రాణం చచ్చిపోయింది. ఆయన ఏమనుకున్నాడో తెలుసా? నాకు గిన్నెలు కడగడమంటే మహా ఇష్టమనుకున్నాడు. సాయంత్రం బజారునుంచి గులాబీరంగు రబ్బరు గ్లవ్స్ కొనుక్కొచ్చి, కాగితంలో చుట్టి, రెండు చేతులతో ఇచ్చాడు. అక్క కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

అయిదోరోజు, మీ చెల్లెలికి మన నీళ్లు రుచి చూపించాలి అని ఆయనే పట్టుబట్టాడు. ఆ ఊరు పుట్టిందే ఆ నీళ్ల కోసమట. కీళ్లనొప్పులకి, చర్మానికి, అజీర్తికి, అన్నిటికీ అవే మందని కౌంటీ నలుమూలలనుంచీ దొరలు వచ్చి, పొద్దున్నే వరసలో నిలబడి తాగేవాళ్లట, మునిగేవాళ్లట. ఒళ్లంతా రోగాలున్న జనం మునిగిన ఊళ్లో నేను పట్టుబట్టలు మడత పెట్టుకుని దిగానే అనుకున్నాను. గుమ్మటం ఉన్న పాత భవనంలో ఒక పెద్దావిడ కూజాలోంచి చిన్న గాజుగ్లాసులో పోసి ఇస్తోంది. ముందువాళ్లు తాగిన గ్లాసుని ఏం చేస్తోందా అని చూశాను. బల్లకింద తొట్టిలో ఓసారి ముంచి, గుడ్డతో తుడిచి, మళ్లీ పోసింది. మళ్లీ తొట్టి!

మా ఇంట్లో గ్లాసు కరుచుకుని తాగితే అమ్మ వీపు విమానం మోత మోగించేది. నోటికి తగలకుండా ఎత్తి పోసుకోవాలి. ఊరూ దేశం మారినా ఆ పద్ధతి నేను మార్చలేదు, బ్యాంకులో కూడా నా నీళ్ల సీసా ఎత్తే తాగుతాను. అక్కడా అదే చేశాను. తల వెనక్కి వాల్చి, గ్లాసు జానెడు ఎత్తులో పట్టుకుని, వంచాను. నీళ్లకంటే ముందు వాసన దిగింది. కుళ్లిన కోడిగుడ్ల వాసన. ఊపిరి ఎగబీల్చాను. సగం నీళ్లు ముక్కులోకి పోయాయి, సగం మెడమీదుగా నా ఉన్నికోటులోకి, సిల్కు స్కార్ఫ్‌లోకి దిగాయి. దగ్గు, కళ్లనీళ్లు, చీమిడి. అందరూ చూస్తున్నారు. ఆయన కంగారుగా జేబులోంచి చేతిరుమాలు తీసి అందించాడు. దాని మూల ఒకటి అంతకుముందే వాడినట్టు ముడుచుకుని ఉంది. వద్దని చెయ్యి ఊపి స్కార్ఫ్‌తోనే మొహం తుడుచుకున్నాను. అక్క తుంటి పట్టుకుని మరీ నవ్వింది. నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, అంచుకి పెదవులు ఆనించి రెండు గుక్కలు తాగి, మిగిలింది ఆయనకిచ్చింది. ఆయన తీర్థం పుచ్చుకున్నంత శ్రద్ధగా తాగేశాడు.

అక్కడినుంచి బస్సెక్కి ఒక పల్లెకి టీ తాగడానికి వెళ్లాం. కిటికీలోంచి రాతిగోడలు, పచ్చటి గుట్టలు, వీపుల మీద గుర్తుకి పూసిన నీలం, ఎరుపు మరకలున్న గొర్రెలు. బాగుందని ఒప్పుకునే స్థితిలో లేను. బస్సులో హీటర్ వేశారు. కోటు వెచ్చబడేకొద్దీ కంపు లేచింది. ముందుసీటు ఆవిడ వెనక్కి తిరిగి చూసి, కిటికీ తెరిచింది. పక్కన చంటిపిల్లతో కూర్చున్న తల్లి ముక్కు ముడుచుకుని, లేచి ముందుకి వెళ్లిపోయింది.

టొరంటోలో ఇరవై రెండేళ్లుగా పోపు పెట్టే ముందు ఇంట్లో కోట్లన్నీ సంచుల్లో పెట్టి జిప్పు లాగి, పడగ్గది తలుపు వేసి, అప్పుడు ఆవాలు వేసేదాన్ని. లిఫ్టులో ఎవరూ ముక్కు మూసుకోకూడదని. సబ్‌వేలో నా పక్కనుంచి ఎవరూ లేచిపోకూడదని. అన్నేళ్ల జాగ్రత్త చివరికి వీళ్ల నీళ్లలో కొట్టుకుపోయింది. ఏడుపొచ్చింది. అంతలో ఆ పెద్దాయన వెనకసీటులోంచి లేచి వచ్చి, ఖాళీ అయిన చోట నా పక్కన కూర్చున్నాడు. వాళ్లు వెంట తెచ్చిన కుక్క నా కాళ్ల మీద పడుకుంది, దానికి ఆ వాసన నచ్చినట్టుంది. నాకు కృతజ్ఞత కలిగిందని రాస్తే అబద్ధం. ఇంకా కోపమే వచ్చింది.

టీ కొట్టులో అక్క, టీతో ఇచ్చే స్కోన్ అనే బన్ను సగం కొరికి, ఇంక చాలని వదిలేసింది. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆ ప్లేటు తనవైపు లాక్కుని, అక్క కొరికిన వైపునుంచే తినడం మొదలుపెట్టాడు.

"ఛీ! అక్కా, నీ ఎంగిలి తింటున్నాడు. చెప్పవేంటి?" అన్నాను, ఆయనకి తెలుగు రాదన్న ధైర్యంతో.

"తెలుసు," అంది అక్క, టీలో పంచదార కలుపుతూ.

"నీకు అసహ్యంగా లేదూ?"

అక్క చెంచా కింద పెట్టింది. "పెళ్లైన మర్నాడు మా అత్తగారు మీ బావ తిని లేచిన విస్తట్లోనే నాకు వడ్డించింది. ఈ దేశం వచ్చాక కూడా అంతే. డ్యూటీ దిగి ఎప్పుడొచ్చినా ఆయన తిన్న కంచం బల్ల మీద ఉండేది. అందులోనే పెట్టుకుని తినేదాన్ని. ముప్ఫై ఏళ్లు తిన్నా. ఇండియాలో మా అత్తగారింటికి నువ్వొచ్చి నెల్లాళ్లు ఉన్నావుగా ఒకసారి, చూశావుగా. అప్పుడు ఛీ అన్నావా?"

అనలేదు. అప్పుడు నేనన్న మాట నాకు బాగా గుర్తుంది. ఎంత అన్యోన్యంగా ఉన్నారో, దిష్టి తగులుతుంది అన్నాను.

"నా కంచంలో ఎవరూ తినలేదే," అంది అక్క. "ఆపరేషనయ్యాక ముద్ద నోట్లో పెడితే వాంతయ్యేది. ఈయనే ఎత్తిపోశాడు. ఒక చెంచా నాకు పెట్టి, అదే చెంచాతో తనొకటి తినేవాడు, నేను ఇంకోటి తినేదాకా. నువ్వు రోజూ ఫోన్ చేశావులే. బాగానే మాట్లాడావు."

అక్క గొంతు తగ్గించింది.

"టికెట్ కొన్నావట. మంచం కూడా కొన్నావట. మీ అమ్మాయి మెసేజ్ పెట్టింది. నేను రానే. మంచం ఎవరికైనా ఇచ్చెయ్."

"పెద్దదానివయ్యావు, నీకు మనవాళ్లు ఉండాలక్కా," అన్నాను.

"ఉన్నాడుగా," అంది అక్క.

మా మాటలు అర్థంకాక ఆ పెద్దాయన, నాకేం కావాలో అనుకుని, తన ప్లేటులో ముట్టుకోకుండా మిగిల్చిన స్కోన్‌ని నావైపు జరిపాడు. నేను తినలేదు. మిగిలిన రోజులూ పొద్దున్నే గిన్నెలు కడుగుతూనే ఉన్నాను. పట్టుదలకో, అలవాటుకో నాకే తెలియదు.

విమానంలో నా పక్క సీటు ఖాళీగా వచ్చింది. అందులో కోటు పెట్టాను. ఇంటికొచ్చాక మా ప్లాజాలో డ్రైక్లీనింగ్‌కి ఇస్తే, రెండుసార్లు వేశామండీ, ఇంతకంటే పోదు అన్నారు. మా ఆయన ఒకసారి వాసన చూసి, "ముందు దాన్ని బాల్కనీలో పడెయ్," అన్నారు. పడేశాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనం. పప్పు, దోసకాయ పచ్చడి, పెరుగు. ఆయన ఎదురుగా ఫోన్ చూసుకుంటూ తింటున్నారు. నాకు తినబుద్ధి కాలేదు. కంచంలో రెండు ముద్దల పెరుగన్నం మిగిలింది. ఏం బుద్ధి పుట్టిందో, కంచం ఆయనవైపు జరిపాను.

"నేను తినలేకపోతున్నా. ఇది మీరు తినెయ్యండి."

ఆయన ఫోన్ దించి కంచం చూశారు, తర్వాత నన్ను చూశారు. పై పెదవి కొంచెం పైకి లేచింది. "ఛీ, ఎంగిలి. ఏమైంది నీకు? పారెయ్," అన్నారు.

ఆ మొహం నాకు కొత్త కాదు. పదిరోజులు యార్క్‌షైర్‌లో నేను పెట్టుకుని తిరిగిన మొహమే. ఆయన్ని అనడానికి నాకు నోరెక్కడిది? ఆ ఇంట్లో ఎంగిలి, ఎంగిలి అని ఇరవై రెండేళ్లుగా గొంతు చించుకున్నది నేనే. ఆయన గ్లాసు వేరు, అమ్మాయి గ్లాసు వేరు, నా గ్లాసు వేరు.

ఆయన లేచి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు. ఆయన కంచంలోనూ రెండు ముద్దలు మిగిలాయి, ఎప్పుడూ మిగిలినట్టే. అన్నం పారేస్తే పాపమని, సింకు దగ్గర నిలబడి నేను తినేసి, కంచం కడుగుతాను. రోజూ చేసే పని. గ్లాసు అంచు తగిలితే ఒళ్లు జలదరించే నాకు, ఆ ముద్దలు ఎంగిలని ఒక్కనాడు కూడా తోచలేదు.

చెయ్యి అలవాటుగా ఆ ముద్ద కలిపేసింది. నోటిదాకా తెచ్చి ఆగిపోయాను. రెండు కంచాలూ తిండి చెత్త వేసే గ్రీన్ బిన్‌లో బోర్లించాను. అన్నం పారేయడం నా జన్మలో అదే మొదటిసారి. అప్పుడు అసహ్యం వేసింది, ఆ తొట్టి మీద వేసినదానికంటే ఎక్కువగా, నా మీద నాకే. పారేసినందుకు కాదు, ఇన్నేళ్లూ తిన్నందుకు.