కళాయి గీకిన డూప్లెక్సర్

2013 తుఫాను వెళ్లిన కొన్నాళ్లకు, శ్రీకాకుళంలో అరసవల్లి రోడ్డు మీదున్న నా రిపేరు షాపుకి నూకరత్నం వచ్చింది. రేడియోలు, టీవీలు, పెళ్లిళ్ల మైకు సెట్లు బాగుచేయడం నా వృత్తి. హ్యామ్ రేడియో నా పిచ్చి. లైసెన్సు తీసుకుని, సొంత వైర్‌లెస్ సెట్టు మీద తోటి లైసెన్సుదారులతో మాట్లాడుకోవడమే హ్యామ్ రేడియో. నూకరత్నం శ్రీకూర్మం దాటాక సముద్రపొడ్డున ఉన్న ఒక మత్స్యకారుల ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. నా దగ్గరే పాఠాలు చెప్పించుకుని ఆ లైసెన్సు పరీక్ష పాసైంది.

తుఫానులో సెల్ టవర్లు మూగబోయాయి. వాళ్ల నాన్న అప్పన్న బోటు ఎక్కడో వేరే ఒడ్డుకు చేరింది. మనిషి క్షేమమే కానీ ఆ కబురు ఇంటికి చేరలేదు. అప్పన్న తల్లి కొడుకు పోయాడనుకుని మంచం పట్టింది. అతను తిరిగొచ్చేసరికి ఆవిడ లేదు.

"మాస్టారూ, నా సేతిలో సెట్టు ఉన్నాది. మాటాడితే మా ఊరి సరుగుడు తోట దాటదు. ఇంకో తుఫానొస్తే మా అమ్మని నేను ఆపలేను. ఏటన్నా దారి సూడండి" అంది.

దారి ఒకటే, రిపీటర్. కొండ మీద కూర్చుని, ఒక ఫ్రీక్వెన్సీ మీద విన్న మాటను అదే క్షణంలో పక్క ఫ్రీక్వెన్సీ మీద గట్టిగా మళ్లీ పలికే యంత్రం అది. అనుమతుల సంగతి విజయనగరంలో ఉన్న నా హ్యామ్ మిత్రుడు చూసుకుంటానన్నాడు. పాత ట్యాక్సీల్లో వాడిన వైర్‌లెస్ సెట్లు రెండు దొరికాయి. ఒకటి వినడానికి, ఒకటి పలకడానికి. లారీ బ్యాటరీ ఒకటి సంపాదించాను. అసలు చిక్కంతా డూప్లెక్సర్ దగ్గర వచ్చింది. ఒకే ఏంటెనాతో వినడం, అరవడం రెండూ జరగాలంటే మన అరుపు మన చెవిలోనే పడి చెవుడు రాకుండా అడ్డుకునే జల్లెడ ఉండాలి. అదే డూప్లెక్సర్. క్యావిటీలనే మూతల గొట్టాలతో చేస్తారు. విదేశీ సరుకు మన తాహతుకు మించినది. నాకు బుడితి గుర్తొచ్చింది. ఇత్తడి పనికి ఆ ఊరిని మించింది మా జిల్లాలో లేదు.

బుడితిలో సూరయ్య అనే ఇత్తడి పనివాడు నేను గీసిచ్చిన బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఇందులో ఏం వండుతారని అడిగాడు. ఏమీ వండరన్నాను. నమ్మినట్టు లేదు. అయినా క్యావిటీలు చేసిచ్చాడు. అతుకు ఎక్కడుందో కనిపెట్టలేనంత నున్నగా ఉన్నాయి. నాకు ముద్దొచ్చి రెండు రోజులు షాపు అద్దాల బీరువాలో పెట్టుకున్నాను.

రిపీటర్‌కి మేం ఎంచుకున్న కొండ మీద అప్పన్న తన వల తాళ్లతో ఏంటెనా స్తంభాన్ని బిగించి కట్టాడు. బీడీ దగ్గు దగ్గుతూనే ముడులు వేశాడు. మీట నొక్కాం. నా షాపులోని పెద్ద సెట్టు నుంచి మాట్లాడితే బ్రహ్మాండంగా పలికింది. నూకరత్నం తన ఊరి నుంచి చిన్న సెట్టుతో పిలిస్తే మాత్రం మొదటి అక్షరం విని, గుర్రుమని, ఊరుకుంది. రిపీటర్ తన గొంతుతో తనకే చెవుడు తెచ్చుకుంటోందన్నమాట. కేబుళ్లు మార్చాను. సెట్లను రేకు డబ్బాల్లో మూసి చూశాను. నా మీద నాకే విసుగొచ్చి చివరికి క్యావిటీ మూత విప్పాను. లోపల తెల్లగా మెరిసిపోతోంది.

కళాయి! సూరయ్య వంటపాత్రలకు వేసినట్టు లోపలంతా తగరం పూత పూశాడు. ఇలాంటి గొట్టంలో రేడియో తరంగాల కరెంటు లోపలి పైపొరలోనే పరుగెడుతుంది. తగరం దాన్ని ఇత్తడి అంత బాగా పోనివ్వదు. అందుకే జల్లెడ కన్నాలు పెద్దవైపోయాయి.

నూకరత్నాన్ని వెంటబెట్టుకుని బుడితి వెళ్లి, కళాయి గీకెయ్యమన్నాను. సూరయ్యకు కోపం వచ్చింది.

"కళాయి లేని ఇత్తడి సామాను సేతికివ్వడం మా ఇంటా వంటా లేదు బాబూ. పులుసు పోస్తే సిలుమెక్కిపోద్ది."

"ఇందులో పులుసు కాయరు సూరయ్యా."

"ఏటి కాసుకున్నా సరే. నేనేసిన కళాయి నేను గీకనంతే."

నేను తగరం గురించి పాఠం మొదలుపెట్టాను. అతను వినడం మానేసి కొలిమి ఊదుకున్నాడు. అప్పుడు నూకరత్నం నేల మీద కూర్చుని వాళ్ల నాయనమ్మ సంగతి చెప్పింది. కబురు రాక ఎలా పోయిందో అంతా చెప్పింది. సూరయ్య క్యావిటీలు తీసుకుని గీకడం మొదలుపెట్టాడు. గీకి, చింతపండుతో తోమి, గుడ్డతో తుడిచి ఇచ్చాడు. ఆ వారమే నూకరత్నం పిలుపు మొదటి నుంచి చివరి దాకా కొండ దాటి నా షాపులో వినిపించింది.

మరుసటి ఏడాది మళ్లీ తుఫాను. ముందురోజు బోట్లన్నీ తిరిగొచ్చాయి, అప్పన్నది తప్ప. ఫోన్లు మళ్లీ పోయాయి. అప్పన్న కట్టిన స్తంభం మాత్రం నిలిచింది. గాలి తగ్గాక నూకరత్నం సెట్టు మీద పిలిచింది. అమ్మ పోలమ్మ గుమ్మంలో కూర్చుని అన్నం ముట్టడం లేదంది. నేను విజయనగరం మిత్రుణ్ణి పిలిచాను. అతను చేతిసెట్టు పట్టుకుని, పడిన చెట్లు దాటుకుంటూ ఆ జిల్లా తీరపు ఊళ్లు వెతికాడు. సాయంత్రానికి కబురు వచ్చింది. ఇంజను చెడి కొట్టుకొచ్చిన బోటు, బడిలో తలదాచుకున్న అప్పన్న.

నూకరత్నం తల్లికి చెప్పింది. పోలమ్మ నమ్మలేదు. కూతురి సెట్టులోంచి ఆవిడ మాట నేరుగా వినబడింది.

"ఊరుకోబెట్టడానికి అలాగే సెప్తారు. ఆయన గొంతు ఇనిపించండి."

మిత్రుడు సెట్టు అప్పన్న చేతికిచ్చాడు. దూరం వల్ల అతని సిగ్నల్ అందీ అందనట్టుంది. అతను బటన్ నొక్కాడు. గాలి చప్పుడు తప్ప మాట లేదు. పక్కనుంచి మిత్రుడు మాట్లాడు, మాట్లాడు అంటున్నాడు. ఆ గాలిలోనే దగ్గు వచ్చింది. ఆగి ఆగి, లోపల్నుంచి తోడుకొచ్చే దగ్గు. బటన్ వదలాలని అప్పన్నకు తోచలేదు. ఎవరైనా బటన్ వదలకపోతే తెంపెయ్యడానికి రిపీటర్‌లో నేను పెట్టిన టైమరే అతన్ని ఆపింది.

తర్వాత పోలమ్మ గొంతు.

"ఆ దగ్గు ఆయనదే. నాకింక సాలు. కూడెట్టే పిల్లా, తింటాను."

నేను షాపులో ఒక్కణ్ణే ఉన్నాను. ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. పని నేర్చుకున్న నాటి నుంచి మాట స్పష్టంగా వెళ్లిందా లేదా అన్నదే చూసేవాణ్ణి. ఆ రోజు ఒక్క మాట కూడా వెళ్లలేదు, వెళ్లాల్సింది మాత్రం వెళ్లింది. ఇప్పుడెవరైనా సెట్టు తెచ్చి ఎంత దూరం అందుతుందని అడిగితే, దూరం సంగతి తర్వాత చూద్దాం, ముందు నీకు వినబడాల్సింది ఎవరో చెప్పమంటాను.