తాళ్లు పేనేవాడి జవాబు

నేను సరిగ్గా చెప్పిన జవాబును తప్పని కొట్టేశారు. ఎనభైల్లో ధర్మపురి లైబ్రరీలో పెట్టిన క్విజ్ పోటీ అది. తాడుతో లాగే కొండ రైలును 'ఫ్యునిక్యులర్' అని ఎందుకంటారని అడిగారు.

"లాటిన్‌లో సన్నతాడని అర్థం సార్. డిక్షనరీలో చదివినాను" అన్నాను.

"అది కనిపెట్టిన దొర పేరప్పా. తాళ్లు పేనేవాడివి, నీకు అన్నిట్లోనూ తాడే కనపడుతుంది" అన్నారు జడ్జిగా వచ్చిన మాస్టారు. సభంతా నవ్వింది.

"డిక్షనరీ ఆ బీరువాలోనే ఉండాది, తీసి చూడండి సార్. అంతవరకూ నేను కూర్చోను" అన్నాను.

బహుమతులు పంచేదాకా నిలబడే ఉన్నాను. బీరువా ఎవరూ తెరవలేదు. బడికి పోనివాడికి పుస్తకమే సాక్షి. డిక్షనరీలోని ఆ పేజీని చేత్తో రాసి నెలనెలా మాస్టారికి పంపాను. ఏడాదికి కార్డు వచ్చింది: "తాడే సరి. ఇక నాకు ఉత్తరాలు రాయొద్దు."