చేతికిచ్చిన నువ్వులు

మా ఊళ్ళలో నల్ల నువ్వులు ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి ఇవ్వరు. అంగట్లో కొన్నా పొట్లం కట్టి బల్ల మీద పెడతారు, మనం బల్ల మీంచి తీసుకోవాలి. అత్త కోడలికి ఇవ్వాల్సి వచ్చినా చేటలో పోసి నేలమీద పెడుతుంది. చేతికిస్తే ఇచ్చినవాళ్ళ శని తీసుకున్నవాళ్ళకు పోతుందని నమ్మకం. పావగడలో శనిదేవుని గుడి ఉండడం వల్ల ఆ పట్టింపు మా దగ్గర ఒక పిసరు ఎక్కువే. ఈ తాలూకా నుంచి చాలా ఏళ్ళు దినపత్రికకు వార్తలు పంపాను. కరువు, ఎండిన బోర్లు, ఆ తర్వాత సోలార్ పార్కు, అన్నీ రాశాను. నువ్వుల సంగతి మాత్రం ఎప్పుడూ వార్తగా తోచలేదు.

జపాన్ ప్రయాణం నేనూ మా ఆవిడా అనుకున్నది. చివర్లో ఆమె మోకాళ్ళు మొండికేశాయి. అంత దూరం నడవలేనంది. ఆ రోజు మా ఇంట్లో ఉన్న మా అక్క అప్పటికప్పుడు తేల్చేసింది.

"నేనొస్తా పదప్పా."

"నీకు జపాన్‌లో ఏం పనక్కా?"

"సూర్యుడు ముందు పుట్టేది ఆడేనంట కదా. ఇన్నేండ్లు మన నెత్తిన కాసినోణ్ణి గుత్తకిచ్చుకున్నాం. ఆయప్ప పుట్టినిల్లు ఎట్లుండాదో చూసొస్తా."

అక్క భూమి సోలార్ పార్కు కంచె లోపల ఉంది. బావ పోయిన తర్వాత సేద్యం చేసేవాళ్ళు లేక గుత్తకిచ్చింది. ఒకప్పుడు చేను నిండా వేరుశనగ వేసి, గట్ల వెంబడి నువ్వులు చల్లేది. ఇప్పుడు ఆ గట్టెక్కడో ఆమె కూడా చూపించలేదు. కంచె పక్క రోడ్డు మీద బస్సు పోతుంటే పలకల వరసల వైపు చూసి, "ఇట్లే ఈడ్నే ఉండాది మనది" అంటుంది. 

బయల్దేరే ముందు ట్రావెల్ ఏజెన్సీ మేనేజరు మమ్మల్నందరినీ బెంగళూరుకు పిలిపించాడు. మాతోపాటు జపాన్ వచ్చేది ఆయనే. అక్కడ గైడుకు డబ్బులు ఇవ్వబోతే నొచ్చుకుంటారని, కృతజ్ఞతగా చిన్న కానుక ఏదైనా ఇస్తే సంతోషిస్తారని చెప్పాడు. మీ ఊరిదై ఉండాలి. ఖరీదైనది వద్దు, దానికి బదులు ఏమివ్వాలో తెలియక వాళ్ళు ఇబ్బంది పడతారు. చక్కగా చుట్టి, రెండు చేతులతో ఇవ్వాలి. లెక్కకు నాలుగు ఇవ్వకూడదు, అది వాళ్ళకు చావు అంకె.

"వాళ్ళకూ ఉండాయా ఇట్లాంటివి?" అని అక్క ముందుకు జరిగి కూర్చుంది. అప్పటిదాకా గోడకు ఆనుకుని వింటూ ఉన్న మనిషి. "ఇచ్చినాక మన ముందరే విప్పుతారా సామీ?"

"విప్పరమ్మా. రెండు చేతులా తీసుకుని, వంగి దండం పెట్టి, ఇంటికి పోయి విప్పుకుంటారు."

"మంచి మర్యాద," అంది అక్క.

ఊరికి తిరిగొచ్చాక అసలు కష్టం మొదలైంది. మా ఊరిది అంటే ఏది? పావగడ అంగళ్ళన్నీ తిరిగాం. గంధం సబ్బు చూపిస్తే, "అది మైసూరుది, మనదెట్లయితాది?" అంది. అగరుబత్తి బాగుంటుందేమోనని మేనేజరుకు ఫోన్ చేస్తే, అక్కడ చనిపోయినవాళ్ళ ముందు కూడా వెలిగిస్తారు, ఎందుకొచ్చిన అనుమానం అన్నాడు. వై.ఎన్.హొసకోటలో ఒక అంగడాయన చిన్న కంబళి ముక్క చూపించాడు. మా వాళ్ళు ఒకప్పుడు గొర్రెలు మేపినవాళ్ళే, కంబళి మాకు దేవుడి ఆసనం. అక్క దాన్ని తడిమి, ఉన్ని వాసన చూసి, మడత పెట్టి తిరిగిచ్చేసింది.

"నల్లది ఇస్తామా ఎవరికన్నా?"

"ఇప్పుడు మన ఊరిదంటే సోలారే కదక్కా," అన్నాను.

"అయితే రోంత కరెంటు డబ్బీలో పోసి మూత పెట్టియ్యప్పా, తీసకపోతా."

మా ఆవిడ పడీపడీ నవ్వింది. అక్క నవ్వలేదు. ఆమె మనసులో ఏముందో నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. తన భూమిలో పండినది ఏదైనా ఇవ్వాలని ఆమె ఆశ. అది ఇక కుదరదు.

చివరికి మంగళవాడలో మా చిన్నాన్న కూతురింటికి పోయాం. వాళ్ళు ఇంకా సేద్యం చేస్తున్నారు. వేరుశనగలు కొలుచుకుంటే, ఇంటామె నల్ల నువ్వులు కూడా చేటలో పోసి గడప పక్కన పెట్టింది. అక్క వంగి ఎత్తుకుంది. వేరుశనగలు వేయించి, పొట్టు చెరిగి, బెల్లం పాకం పట్టి గైడు కోసం ఉండలు చేసింది. నువ్వులు దంచి తనకోసం చేసుకుంది. పొద్దున్నే ఒక నువ్వుండ నమిలితే నడుము నిలబడుతుందని ఆమె వైద్యం. స్టీలు డబ్బీలు వద్దంది, స్టీలు ఇనుముకు చుట్టమని, ఇనుము శనిదేవుడిదని. పెళ్ళిలో పంచిన ప్లాస్టిక్ డబ్బీలు రెండు, ఒకే రంగువి, ఇంట్లో ఉంటే వాటిలో పెట్టింది. కానుక డబ్బీ గుర్తుండడానికి మూత మీద కుంకుమ బొట్టు పెట్టింది. చుట్టడానికి తన పాత పట్టుచీర అంచు కత్తిరించి పెట్టుకుంది.

జపాన్‌లో మా గైడు తల నెరిసిన ఆడమనిషి. చేతిలో చిన్న జెండా పట్టుకుని ముందు నడిచేది. ఆమె ఇంగ్లీషు నాకు అర్థమయ్యేది, మా అక్కకు అవసరం లేకపోయింది. వాళ్ళిద్దరూ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. ఒక గుడిలో చెప్పులు విప్పి లోపలికి పోయి వచ్చాం. మా ఆవిడ కొనిచ్చిన కాన్వాస్ బూట్ల లేసులు అక్కకు కట్టుకోవడం రాదు. పొద్దున నేనే కట్టాను. నేను ఎక్కడో వెనక ఉండిపోయాను. వచ్చి చూసేసరికి ఆ గైడమ్మ రాతిమెట్టు మీద మోకాళ్ళు ఆనించి, అక్క పాదం తన ఒళ్ళో పెట్టుకుని లేసు ముడి వేస్తోంది.  బస్సెక్కాక చాలాసేపటికి అక్క, "అంత చదువుకున్న మనిషి, నా కాలు పట్టుకునిందప్పా" అంది.

కానుక ప్రయాణం చివర ఇద్దామని నేను ముందు నుంచీ చెబుతూ వచ్చాను. అక్క ఆగలేదు. "పని అయినాక ఇస్తే కూలి అయితాది. నడుమనే ఇస్తే మర్యాద," అని మరుసటి పొద్దున్నే డబ్బీ చుట్టుకుని వచ్చింది. బస్సు దగ్గర గైడమ్మకు రెండు చేతులతో ఇచ్చింది. ఆమె రెండు చేతులతో అందుకుంది. ఒకరికంటే ఒకరు ఎక్కువ వంగారు. మేనేజరు చెప్పినట్టే గైడమ్మ దాన్ని విప్పలేదు, సంచిలో భద్రంగా పెట్టుకుంది. ఆ రోజు శనివారమని మాకెవరికీ తట్టలేదు. దేశం మారితే వారాలు కూడా మారినట్టుంటుంది.

ప్రయాణంలో పొద్దున్నే నువ్వుండ నమలడం అప్పటిదాకా కుదరలేదు. ఆ సాయంత్రం హోటల్లో అక్క రెండో డబ్బీ మూత మొదటిసారి తీసింది. లోపల వేరుశనగ ఉండలు. కుంకుమ బొట్టు పెట్టెలో చీరలకు రాసుకుని చెరిగిపోయింది. పొద్దున హడావిడిలో అది చూసుకోకుండా నువ్వుల డబ్బీనే చుట్టేసింది.

అక్క మంచం మీద కూర్చోలేదు, నేలమీద కూర్చుంది.

"చేతికిచ్చినానే. నా ఈ చేతుల్తోనే ఇచ్చినానే."

"పోనీలేక్కా, వాళ్ళకు ఈ పట్టింపు ఉండదు. మనకాడ కన్నడమోళ్ళు సంక్రాంతికి నువ్వులూ బెల్లం పంచుకోరా?"

"అవి తెల్లవి. ఇవి నల్లవి. వాళ్ళకు లేకుంటే ఏమి, నాకు ఉండాది కదా. ఇచ్చింది నేను."

 రేపు గైడమ్మ రాగానే ఈ డబ్బీ కూడా ఇచ్చి, ఆ నువ్వుల డబ్బీని కింద పెట్టించి వెనక్కి తీసుకుందామని సర్దిచెప్పాను. కింద పెట్టించడమెట్లాగో ఇంగ్లీషులో మాటలు కూడా వెతుక్కున్నాను.

మరుసటి రోజు ఆ గైడమ్మ రాలేదు. జెండా పట్టుకుని వేరే ఆయన వచ్చాడు. ఆమె తల్లి ఇంట్లో జారిపడిందని, ఆస్పత్రిలో ఉందని, గైడమ్మ తల్లి దగ్గరికి వెళ్ళిపోయిందని మేనేజరు చెప్పాడు. నేను అక్క వైపు చూడలేకపోయాను. ఆ తర్వాత చూసిన కోటలూ తోటలూ నాకు సరిగా గుర్తులేవు. అక్క అన్నిటి ముందూ నిలబడింది, దేన్నీ చూడలేదు. వేరుశనగ ఉండల డబ్బీ అట్లాగే తిరిగొచ్చింది.

ఊరికొచ్చాక ఆమె ప్రతి శనివారం పావగడ బస్సెక్కేది. ఒకసారి నేనూ గుడికి వెంట పోయాను. నువ్వుల నూనె దీపం వెలిగించి అర్చన చేయించమంది. పూజారి పళ్ళెం పట్టుకుని అలవాటుగా అడిగాడు.

"గోత్రం?"

"తెలీదు సామీ."

"నక్షత్రం?"

"తెలీదు."

"పేరన్నా చెప్పమ్మా, ఎవరి పేరున చేయాల?"

"జపాన్‌లో ఒక బిడ్డ ఉండాది. ఆ బిడ్డ వాళ్ళమ్మ."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పూజారి వాళ్ళ వైపు ఒక చూపు చూసి, మళ్ళీ అక్కను చూసి, ఏమీ అడగకుండా మంత్రం ఎత్తుకున్నాడు. పేరు చెప్పాల్సిన చోట 'మాత' అన్నాడు. అక్క రెండు చేతులూ జోడించి నిలబడింది. తప్పు ఆ చేతులదేనని ఆమె నమ్మకం. నేను ఆ నమ్మకం ఉన్నవాణ్ణి కాను. అయినా ఆ నిమిషంలో ఆ ముసలామె బతకాలని నేనూ మొక్కుకున్నాను. ఆమె బతికితే తప్ప మా అక్కకు నిద్ర లేదు.

మేనేజరుకు ఫోన్ చేసి అక్క మనసులోని బాధ చెప్పాను. గైడమ్మను అడిగి చెబుతానన్నాడు. తర్వాత చాలా రోజులు ఏ కబురూ లేదు.

ఒక శనివారం ఆయనే వచ్చాడు. బెంగళూరు వాళ్ళు శనిదేవుని దర్శనానికి పావగడ రావడం మామూలే. దర్శనం చేసుకుని మా ఇంటికి వచ్చాడు. గుడి నుంచి వచ్చి అక్క కూడా మా ఇంట్లోనే ఉంది. వసారాలో అరుగు మీద కూర్చుని కందులు ఏరుతోంది. ఆయన్ను చూడగానే చేట పక్కకు పెట్టింది. కూర్చోమని కూడా అనలేదు.

"ఆయమ్మ ఎట్లుండాది సామీ?"

మేనేజరు నా వైపు చూశాడు. ఆయన తెలుగు సగం కన్నడం, కానీ ఆ రోజు చెప్పింది ప్రతి మాటా అర్థమైంది.

"పోయిందమ్మా. మనం తిరిగొచ్చిన నెలకు పోయిందంట. చానా పెద్ద వయసు."

అక్క ఏడవలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకొకటి చెప్పమనింది," అన్నాడాయన. "ఆస్పత్రిలో ఆయమ్మ ఏమీ తినలేదంట. ఏది పెట్టినా ముఖం తిప్పుకునేదంట. ఆ రోజు గైడమ్మ సంచిలో మీ డబ్బీ ఉండింది కదా. విప్పి చూస్తే నల్ల నువ్వులు. వాళ్ళకు అది చానా ఇష్టమైన తిండి, చిన్నప్పటి నుంచి తింటారు. చిటికెడు చిటికెడు విరిచి నోట్లో పెడితే తినిందంట. అయిపోయేదాకా రోజూ అడిగి తినిందంట. ఇట్లాంటిది నీకు ఎవరిచ్చినారు అని అడిగిందంట."

 నోటి మీది కొంగు తీసి అక్క మెల్లగా అడిగింది.

"బెల్లం సరిపోయిందంటనా?"

"అది చెప్పలేదమ్మా."

"రోంత ఎక్కువేసినా నేను. నాకోసరం చేసుకున్నెవి కదా."

మేనేజరు సంచిలోంచి కాగితంలో చుట్టిన పెట్టె ఒకటి తీశాడు. ఇస్త్రీ మడతల్లాంటి మడతలు, ఎక్కడా అతుకు కనిపించలేదు. ఊరికే తీసుకోవడం వాళ్ళ పద్ధతి కాదట. ఇచ్చినదానికి బదులు ఏదైనా పంపాలి. మొన్న వేరే గుంపును తీసుకుని పోతే ఆమె వచ్చి ఇచ్చిందట.

"ఏముండాది దాంట్లో?" అని అడిగింది మా ఆవిడ గడప దగ్గర నుంచి.

ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. "నల్ల నువ్వుల మిఠాయంట."

నేను ఆయన్నే చూస్తున్నాను. అప్పుడే గుడి నుంచి వచ్చిన మనిషి, నుదుట ఇంకా తడి ఆరని బొట్టు, పైగా శనివారం. ఏం చేయాలో ఆయనకు తెలుసు. పెట్టెను జాగ్రత్తగా అరుగు మీద పెట్టడానికి వంగాడు.

అక్క లేచి నిలబడింది. కందుల దుమ్ము కొంగుకు తుడుచుకుని, రెండు చేతులూ చాచింది.

"కింద పెట్టొద్దప్పా. చేతికియ్యి."