పాత స్ప్రింగులు, పెద్ద క్యామ్

మా బావ జీపు కొన్న రోజు నేను అడిగిన మొదటి ప్రశ్న, "బావా, ఇది ఏ యుద్ధంలో ఓడిపోయింది?" అని. సైన్యం వాళ్లు వాడి వాడి వేలంలో అమ్మేసిన పెట్రోలు జీపు అది. ఎక్కడో సరిహద్దుల్లో తిరిగి, రిటైరై, ఆళ్లగడ్డ దగ్గర మా అక్క ఇంటి ముందు వచ్చి నిలబడింది. బావ నవ్వలేదు. టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, మరుసటి వారం నుంచే అహోబిలంలో భక్తులను ఎక్కించుకుని అడవిలోని పావన నరసింహస్వామి గుడికి తిప్పడం మొదలుపెట్టాడు.

అక్కడ దారి అనేది మర్యాదకు అనే మాట. రాళ్లుంటాయి, రాళ్ల మధ్య ఇంకొన్ని రాళ్లుంటాయి. మిగతావాళ్ల డీజిల్ జీపులు ముసలి ఎద్దుల్లా తల వంచుకుని మెల్లగా ఎక్కిపోయేవి. బావ జీపుకు మాత్రం ఏడుగురు కూర్చుంటే ఎత్తు రాగానే ఆయాసం వచ్చేది. జనం దిగి నడిచేవాళ్లు. నడిచేదానికైతే జీపెందుకు అని వాళ్లు అడిగితే బావ దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఉండేది: "నడిస్తే పుణ్యం ఎక్కువ." అది చెప్పాక బేరాలు ఇంకా తగ్గాయి.

అక్క ఒకటే మాట అనింది. ఈ బ్రహ్మోత్సవాల్లో జీపు సంపాదించి నిలబడాలి, లేకపోతే ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో లారీ తోలే పనికి పోవాలి. మా చిన్నాయన అక్కడ మాట్లాడి పెట్టాడు. బావకు ఇంకొకరి బండి తోలడం అంటే ఇంకొకరు విడిచిన చొక్కా తొడుక్కున్నట్టు. పదిహేనేళ్లు అట్లా తొడుక్కున్నాకే ఈ జీపు కొన్నాడు.

జీపు ఆయాసానికి మందు ఆయనకు ఫోనులో ఒక వీడియోలో దొరికింది. పర్ఫార్మెన్స్ క్యామ్‌షాఫ్టు.

"ఇంజనీరు సదివినావు గదప్పా, ఏది వేయాల్నో నువ్వే చెప్పు" అన్నాడు.

నేను మెకానికల్ చదివింది నిజమే. కడపలో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేస్తున్నదీ నిజమే. మా ల్యాబులో ఇంజనును నిలువునా కోసి, రంగులేసి, అద్దాల పెట్టెలో పెట్టారు. శుక్రవారం శుక్రవారం ఆ అద్దం తుడవడమే ఇంజన్లతో నాకున్న అనుభవం. అయినా కోయంబత్తూరులో రేసుబండ్లకు సామాన్లు చేసే ఒకాయనకు ఫోను చేశాను.

ఆయన ఓపిగ్గా చెప్పాడు. క్యామ్‌షాఫ్టు అంటే గుడ్డు ఆకారపు దిమ్మెలున్న కడ్డీ. అది తిరుగుతూ వాల్వులను తెరుస్తుంది, తెరిచినదాన్ని స్ప్రింగు మూస్తుంది. దిమ్మె పెద్దదైతే వాల్వు ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది, ఇంజనులోకి గాలీ పెట్రోలూ ఎక్కువ పోతాయి. ఆ బలం కనబడేది మాత్రం ఇంజను గట్టిగా తిరిగినప్పుడే. మెల్లగా పోయేటప్పుడు ఉన్న బలమూ పోతుంది. తన దగ్గర మూడు రకాలున్నాయన్నాడు: 252, 264, 288. నంబరు పెరిగేకొద్దీ దూకుడు పెరుగుతుంది.

"మీ బండి ఎక్కువగా ఎన్ని ఆర్‌పీఎంలో తిరుగుతుంది?" అని అడిగాడు.

బావను అడిగాను. "రాళ్లల్లో తిరుగుతాది" అన్నాడు.

అయితే 252 చాలు, పాత స్ప్రింగులే సరిపోతాయి అన్నాడాయన. మరీ ఆశ ఉంటే 264. బావ వేళ్ల మీద ఆ అంకెలు కూడి చూశాడు. మా వైపు బండి నంబరుకు అంకెలు కూడితే తొమ్మిది రావాలి. రాకపోతే ఆ బండి తోలేవాడికంటే చూసేవాళ్లకు భయమెక్కువ. 264 కూడితే మూడు, అది అక్కడే పోయింది. 252 తొమ్మిది. 288 కూడా తొమ్మిదే.

"రెండూ తొమ్మిదే అయితే పెద్ద తొమ్మిది ఉండంగ చిన్నది ఎవురన్నా తీసుకుంటారా?" అన్నాడు.

నాకు తెలుసు, అది తప్పని. రాళ్లలో పాకే బండికి రేసు క్యామ్ ఎందుకూ పనికిరాదు. ఆ సంగతి మూడుసార్లు చెప్పాను కూడా. "బావా, ఇది కొండెక్కే క్యామ్ కాదు, కొండ మీదనుంచి దూకే క్యామ్" అన్నాను. మూడుసార్లూ ఆయన పడీ పడీ నవ్వాడు, మూడుసార్లూ నాకు సంతోషమైంది. సంగతి మాత్రం అక్కడే ఉండిపోయింది.

పార్సిలు వచ్చింది. దానితోపాటు కోయంబత్తూరాయన హెచ్చరికా వచ్చింది: 288 వేస్తే గట్టి వాల్వు స్ప్రింగులు తప్పనిసరి. పాతవైతే వేగం పెరిగినప్పుడు వాల్వును సమయానికి మూయలేవు, పైకొచ్చే పిస్టన్ పోయి దాన్ని గుద్దుతుంది. ఆ స్ప్రింగులు చేసి పంపడానికి ఇరవై రోజులు పడుతుంది. బ్రహ్మోత్సవాలు పది రోజుల్లో ఉన్నాయి.

నంద్యాలలో జీపు బాగుచేసే మేస్త్రీని అడిగితే, ఇంజను పైమూత ఎత్తి, స్ప్రింగులు వేలితో నొక్కి చూసి, "వేస్తే మంచిదే. వేయకున్యా నడిస్తే నడుస్తాది" అన్నాడు. అంత నిజమైన జవాబు నేను ఇంతవరకూ వినలేదు. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేకపోయింది.

అప్పుడు బావ చీటీలు వేద్దామన్నాడు.

పెళ్లి సంబంధమైనా, బోరు వేసే చోటైనా బావ వాళ్ల ఇంట్లో ఎటూ తేలనిది ఊరి బయటి ఆంజనేయస్వామి గుడిలో చీటీలతోనే తేలుతుంది. దానికి పద్ధతులున్నాయి. అడిగేవాడు రాయకూడదు. రాసినవాడు తీయకూడదు. పూజారి ఒకటి తీస్తాడు. రెండోది విప్పకుండా కర్పూరంలో కాల్చేస్తారు.

"వేయాల అని ఒగటి, వద్దు అని ఒగటి రాయప్పా" అన్నాడు బావ.

ఇంజను ఇంకా విప్పలేదు, క్యామ్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. ఆయన అడగబోయేది క్యామ్ గురించేనని నేను అనుకున్నాను. నోటితో ఆపలేనివాణ్ని, కనీసం చీటీతో ఆపుదామని రెండింటి మీదా "వద్దు" అని రాశాను.

బావ స్వామి ముందు చేతులు జోడించి, గుడంతా వినబడేలా అడిగాడు: "స్వామీ, క్యామ్ అయితే వేస్తాండా. స్ప్రింగులు కొత్తవి వేయాల్నా, వద్దా?"

పూజారి చీటీ తీసి, విప్పి, "వద్దు" అని చదివాడు. రెండోది కర్పూరంలో మండింది. అది చాలా చిన్న మంట. నోరు తెరవడానికి నాకు దొరికిన సమయమూ అంతే.

ఇంటికి నడక పది నిమిషాలు. పది నిమిషాల్లో చెప్పేయవచ్చు. బావే అడిగాడు కూడా, "ఏమప్పా, మాట్లాడవు?" అని. నా నోట్లోంచి వచ్చింది ఇది: "ఏముంది బావా, స్వామి సముద్రమే దూకినాడు, స్ప్రింగులు లేకుండానే."

"అదీ మాట!" అని నా వీపు మీద చరిచాడు. దారిలో కనిపించిన ప్రతివాడికీ అదే చెప్పాడు.

క్యామ్ బిగించాక జీపు నిలబడి ఉన్నప్పుడు కూడా డుబ్బు డుబ్బుమని అదిరేది. వీధిలో వాళ్లు ఇళ్లలోంచి వచ్చి చూశారు. మెల్లగా తోలితే మాత్రం మునుపటికన్నా మొండికేసింది. ఎక్కాలంటే కాలు అదిమిపెట్టి తొక్కాలి. ఉత్సవాల మూడో రోజు ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక కుటుంబంతో నేనూ వెనక ఇరుక్కుని కూర్చున్నాను. పెద్ద ఎత్తు దగ్గర బావ తొక్కాడు. ఇంజను అరిచింది. జీపు ఎక్కింది, నిజంగానే ఎక్కింది, ముందున్న డీజిల్ జీపును దాటేసింది. బావ వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు మీద జోకు వేయాలని నాకు తట్టలేదు.

తర్వాత ఇత్తడి బిందెను రోకలితో కొట్టినట్టు నాలుగు దెబ్బలు వినిపించాయి. తర్వాత ఏమీ లేదు. భక్తులు "గోవిందా" అన్నారు. అంతకన్నా సరిగ్గా ఎవరూ చెప్పలేరు.

నంద్యాల మేస్త్రీ ఇంజను పైభాగం, హెడ్డు, విప్పాడు. వాల్వులు వంగిన మేకుల్లా ఉన్నాయి, పిస్టన్‌లో వేలు పట్టేంత బొక్క. "స్ప్రింగులు మూయలేకపోయిండాయి" అన్నాడు.

"కొత్తవి ఉండింటే?" అని నేను అడిగాను.

"ఉండింటే మనం ఈడ కూసోనుండం గదా."

బావ మాత్రం నిదానంగా ఉన్నాడు. "స్వామే వద్దన్యాక మనదేముండాది మేస్త్రీ. ఆ జీపుకు అంతే రాసిపెట్టిండాడు." ఆ రాత్రి బాగా తిన్నాడు, బాగా నిద్రపోయాడు. నిద్రపట్టనిది నాకు.

ఉత్సవాలు అయిపోయాయి. ఆ ఇంజనులో మిగిలింది బాగుచేయడం కంటే పారేయడమే నయమని తేలింది. బావ ఎర్రగుంట్లకు పోయే రోజు నేను కూడా వెళ్లాను. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా టీ కొట్టు. చెట్ల ఆకులూ, బల్లలూ, కొట్టాయన కనుబొమ్మలూ అన్నీ సిమెంటు రంగే. అక్కడ చెప్పేశాను, రెండు చీటీల మీదా రాసింది ఒకటేనని.

బావ నా మొహం చూస్తూ ఆగాడు. "ఆ, తర్వాత?" అన్నాడు. నేను నవ్వించే చోటు వస్తుందనుకున్నాడు.

"తర్వాత ఏం లేదు బావా. అంతే."

టీ సగంలో పెట్టేశాడు. గేటులోంచి వచ్చే లారీలను చూశాడు. "అయితే స్వామి ఏం చెప్పలేదు."

"చెప్పలేదు."

"కోయంబత్తూరాయన చెప్పినాడు. నేను ఇనలేదు. అంతే గదా?"

"రాసింది నేను బావా."

"రాసింది నువ్వు. చెడగొట్టుకున్యది నేను." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "ఇన్నాళ్లు దేవుడే చేసినాడనుకోని బతుకుతాంటి. ఈడిదాకా వచ్చినోడివి చెప్పకుండా పోయింటే ఏమప్పా?"

నాకు జోకు దొరకలేదనడం కన్నా, వెతకలేదనడం నిజం.

లోపలినుంచి ఎవరో పిలిచారు. బావ లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, "మీ అక్కకు మాత్రం చెప్పాకు" అని, రోడ్డు దాటి గేటులోకి వెళ్లిపోయాడు.

కడప బస్సులో ఉండగా అక్క ఫోను చేసింది. "ఎట్ల పోయినాడప్పా మీ బావ? బాధపడినాడా?"

"లేదక్కా, బాగానే పోయినాడు."

"పడడులే. స్వామి చెప్పినట్టే జరిగింది గదా, ఇంక బాధేముంటాది" అంది.

ఊ అన్నాను.