వంతెన తెగితే ఎన్ని రోజులు?

మా ఊళ్లో ఎవరు ఏ రోజున పోతారో మా బావ వేళతో సహా చెప్పగలడు. సరే, అంత కాదు. వంతెన తెగితే ఎవరింట్లో తిండి ఏ రోజున అయిపోతుందో చెప్పగలడు. మిగతాది నేను కలిపాను.

మా అక్క మొగుడైన ఈయన ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా ఆ వంతెన మీదే తిరిగాడు. రిటైరయ్యాక దాని మీద నమ్మకం పోయింది. మెడలో ఈల, చంకలో నోటుపుస్తకం. ఎవరు ఎదురైనా "బాగున్నారా" అనడు, "వంతెన తెగితే ఎన్ని రోజులు?" అంటాడు. కొత్త డాక్టరు నాడి చూస్తుంటే ఆయన్నీ అదే అడిగాడు. తనది హోటలు భోజనమన్నాడాయన. బావ "డాక్టరు: ఒక పూట" అని రాసుకుని, జాలిగా ఆయన నాడి పట్టుకున్నాడు.

ఈల ఊదితే, వరద వచ్చిందనుకుని ఊరంతా పొయ్యిలార్పి బడి మెట్లెక్కాలి. మొదటిసారి నలభైమంది వచ్చారు. అయిదోసారి నేనూ ఒక మేకా వచ్చాం. మేకకు "సంసిద్ధత బాగుంది" అని రాశాడు. నాకేం రాశాడో అడగకండి.

అన్నిటికంటే తక్కువ లెక్క టైలరమ్మది: రెండు రోజులు. ఒంటరి మనిషి. చూపు తగ్గి కుట్టుపనీ తగ్గింది. ఎవరైనా గుప్పెడు బియ్యం తెస్తే గుమ్మంలోంచే తిప్పి పంపేస్తుంది.

ఆ లెక్క రాసుకున్న మర్నాడు బావ గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని వీధులన్నీ కొలిచి, ఊరికల్లా మెరక టైలరమ్మ ఇల్లేనని తేల్చాడు. చినుకు పడితే ఊరి నీళ్లన్నీ ముందు చేరేది అక్కడికే. ఊరు నెల రోజులు నవ్వింది. ఆయన మాత్రం "అత్యవసర నిల్వ కేంద్రం" అని అక్కడ బోర్డు కట్టి, మూడు డబ్బాల సరుకు పెట్టించాడు. నియమం ఒక్కటే. సరుకు పాతబడకూడదు కాబట్టి, కేంద్రం అధికారి, అంటే టైలరమ్మ, నెలలోపు తినేయాలి. ఒకటో తారీఖున కొత్తది వస్తుంది.

మూడేళ్లకు వంతెన నిజంగానే తెగింది. వరదకు కాదు, కంకర లారీకి. వాగు నిండుగా ఉంది, దాటే దారి లేదు. జనం ఇళ్లలో దాచుకున్నది కదపకుండా ముందు కేంద్రానికి పరిగెత్తారు. అది నెలాఖరు. మూతలు తీస్తే డబ్బాలు తళతళలాడుతున్నాయి.

"నియమం ప్రకారం తిన్నాను," అంది టైలరమ్మ గంభీరంగా.

ఊరి తిండి ఏమైందని అందరూ బావ మీద పడ్డారు. బావ వంకరపోయిన బోర్డును సరిచేయసాగాడు. నోరు విప్పింది మా అక్క.

"ఊరిదెక్కడిదయ్యా? అది మా వంటింట్లోది. ఈ పూటకు మాకే లేదు."

నోటుపుస్తకం లాక్కుని చూశాను. టైలరమ్మ: ముప్పై రోజులు. చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాలతో, మా ఇల్లు: ఒక పూట. అంటే డాక్టరుతో సమానం.

కాసేపటికి ఒక్కొక్కరే ఇళ్లకు వెళ్లారు. బావ పోరు పడలేక దాచుకున్న బియ్యం, పప్పు తలా కాస్త తెచ్చి అదే కేంద్రంలో వండారు. వంతెన బాగయ్యేదాకా అందరికీ అక్కడే భోజనం. అధికారి హోదాలో టైలరమ్మే వడ్డించింది. బావకు రెండుసార్లు.

ఇదంతా రాసి బావకు చదివి వినిపించాను. మొహం గంటు పెట్టుకున్నాడు.

"ఒట్టి అబద్ధాలు. ఆ ఇల్లు మెరకే. గ్లాసు పెట్టి కొలిచాను."

"మరి నీళ్లన్నీ అక్కడికే పోతాయి కదా, బావా?"

"అది నీళ్ల తప్పు."