దొరసాని చెంప మీద పువ్వు

చింతామణిలో మాది స్టీలు పాత్రల కొట్టు. పాత ఇత్తడి బిందెలు, రాగి చెంబులు తెచ్చి కొత్తవి మార్చుకుపోయేవాళ్లు ఎక్కువ. అలా వచ్చిన ఒక చెంబు అడుగున, మడ్డిలో అతుక్కుని, నాకొక వెండి రూపాయి దొరికింది. చెంబు ఇచ్చినామెకు ఫోన్ చేస్తే, “చెల్లని రూపాయి మాకెందుకమ్మా, నువ్వే పెట్టుకో” అంది. పెట్టుకున్నాను. అక్కడితో నా బుద్ధి చెడింది.

రూపాయి మీద తెల్లదొరసాని తల ఉంది. ఆ తల్లి చెంప మీద ఎవరో తర్వాత సుత్తితో చిన్న పువ్వు ముద్ర కొట్టారు. ఆరు రేకులు, ఆరో రేకు సగమే పడింది. ఆ పువ్వు సంగతేమిటో తెలుసుకోవడానికి కొట్టు గల్లాపెట్టె దగ్గరే కూర్చుని చాలా చదివాను. ఒకప్పుడు సంతల్లో డబ్బు పరీక్షించే షరాబులు ఉండేవారట. లోపల రాగి, పైన వెండి పూత ఉన్న దొంగ రూపాయలు తిరిగే కాలం. షరాబు రూపాయిని రాతి మీద మోగించి, మంచిదని తేలితే తన గుర్తు కొట్టి ఇచ్చేవాడు. సముద్రాల అవతలి నుంచి మనల్ని ఏలిన దొరసాని బొమ్మ ఒక్కటే మనవాళ్లకు చాల్లేదన్నమాట. గోనెపట్టా పరుచుకుని కూర్చున్న పెద్దమనిషి ‘సరే’ అంటేనే ఆమె రూపాయికి విలువ! నాకది చెప్పలేనంత నచ్చింది. మా ఆయన మాత్రం చూసి, “దిష్టిచుక్క పెట్టినారు లే” అని భోజనానికి పోయాడు.

నాణేలు సేకరించేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాను. ఒకాయన అది టిబెట్ ముద్ర అన్నాడు. ఇంకొకాయన అదొక పాలెగాడి రాజముద్ర అని, ఆ పాలెగాడు కలలోకొచ్చి చెప్పినంత ధీమాగా రాశాడు. మూడో ఆయన “చెడిపోయిన నాణెం, కరిగించుకోండి” అన్నాడు. మిగతావాళ్లు శుభోదయం చెప్పి గులాబీలు పంపారు. ఇదే పువ్వు పడిన ఇంకో రూపాయి మా చుట్టుపక్కల కనిపిస్తే, ఆ షరాబు ఈ ప్రాంతం వాడని కొంతైనా అనుకోవచ్చు. మా వైపు ముసలవ్వలు పాత వెండి రూపాయలను దండ గుచ్చి వేసుకుంటారు. అప్పట్నుంచి నేను మనుషుల మొహాలు చూడటం మానేసి మెడలు చూడటం మొదలుపెట్టాను.

మా ఆయన స్నేహితుడి కూతురి పెళ్లి బాగేపల్లి చౌల్ట్రీలో జరిగింది. ముందు వరుసలో పెళ్లికొడుకు నాయనమ్మ కూర్చుని ఉంది. పరగోడులో భూములున్న ఇంటి పెద్దావిడ. మెడలో వెండి రూపాయలు గుచ్చిన దండ! పక్కన చేరి వానల గురించి రెండు మాటలు మాట్లాడాను. ఇక ఆగలేక, సంచిలోంచి భూతద్దం తీసి ఆమె మీదికి వంగాను.

“ఏమ్మే, యాడ చూస్తాండావు?” అంది.

“నీ రూపాయలు చూస్తాండానవ్వా. గుర్తులేమన్నా ఉండాయేమో అని.”

“యా గుర్తులు?”

“మంచి వెండా, దొంగదా అని చూసి కొట్టే గుర్తులవ్వా.”

ఇంత వివరణలో ఆమె చెవిన పడింది ‘దొంగది’ అన్న ముక్క ఒక్కటే. ఆ ముక్క పక్క కుర్చీకి, అక్కణ్ణుంచి వెనక వరుసకు, అక్కణ్ణుంచి వంటశాలకు పోయింది. తిరిగి వచ్చేసరికి బాగా బలిసింది: చింతామణి పాత్రల కొట్టామె అద్దం పెట్టి చూసి, మగపెళ్లివాళ్ల వెండి సత్తుదని తేల్చేసిందట. ఆడపెళ్లివాళ్ల మొహాల్లో సంతోషం దాచినా దాగలేదు. పెళ్లికొడుకు తండ్రి కండువా సర్దుకుంటూ వచ్చాడు.

“ఏమమ్మా, మా అమ్మ దండ సత్తుదంటివంట? పెండ్లికొచ్చినావా, రెయిడ్ చేసేదానికొచ్చినావా?”

“అట్ల అన్లేదప్పా” అని సాయానికి మా ఆయన కోసం వెతికాను. కనిపించలేదు. రెండో పంక్తిలో హోళిగలు, అదే బొబ్బట్లు, తింటున్నాడని తర్వాత తెలిసింది.

ఈలోగా అవ్వే లేచి నిలబడింది. “ఆ ఫోటోలాయన్ని పిలవండి. ఒగొగ రూపాయీ పెద్దగా తీసి ఆ టీవీలో ఏయమనండి. అందరూ చూడండి, యాది సత్తుదో!”

వేదిక పక్కనున్న పెద్ద తెర మీద అప్పటిదాకా పెళ్లికూతురు కనిపిస్తోంది. ఆమె పోయి అవ్వ రూపాయలు వచ్చాయి. పురోహితుడు మంత్రాలు చదువుతూనే మెడ తిప్పి చూశాడు. కొన్ని బోసిగా ఉన్నాయి. ఒకదాని మీద ఏదో గీత. దాని తర్వాత తెరంత దొరసాని, చెంప మీద పువ్వు, ఆరు రేకులు, ఆరోది సగం!

“అదే! అదే!” అని అరిచాను.

ముహూర్తం వచ్చిందనుకుని మేళంవాళ్లు గట్టిమేళం అందుకున్నారు. జనం అక్షింతలు విసిరారు. వాటిలో సగం తెర మీది దొరసానికే తగిలాయి. పెళ్లికొడుకు చేతిలోకి ఇంకా తాళే రాలేదు. పాపం, అసలు తాళి కట్టేటప్పుడు చాలామంది చేతుల్లో అక్షింతలు లేవు.

తర్వాతి వారం పరగోడు వెళ్లాను. అవ్వ వంటింట్లో పీట మీద నా రూపాయి, ఆమె దండ పక్కపక్కన పెట్టాం. రెండు పూలకూ ఒకే చోట రేకు విరిగింది. ఒకే ఇనప అచ్చు. బహుశా ఒకే చెయ్యి. ఆ మనిషి పేరేమిటో, ఏ సంతలో కూర్చున్నాడో నాకు తెలియదు. కానీ ఆయన సుత్తి దెబ్బలు రెండూ నా వేళ్ల కింద ఉన్నాయి.

అవ్వకు తెలియకపోవడమనే ఇబ్బంది లేదు. షరాబు కథ అంతా విని తల అడ్డంగా ఊపింది. “షరాబూ లేదు, గిరాబూ లేదు. ఇది మా మామ కొట్టించిన గుర్తు.”

“ఎవరు చెప్పినారవ్వా?”

“నేను చెప్తాండా కదా!”

అప్పటికే ఊరంతా అదే చెప్పుకుంటోంది. పెళ్లికొడుకు తండ్రి దాన్ని వాళ్ల వంశ ముద్ర చేసేశాడు. నేను చేసిన పరిశోధన వల్ల చరిత్రకు జరిగిన మేలు ఇది.

“అయితే నీ దగ్గరుండేది గూడా మాదే. ఇచ్చేసి పో” అంది అవ్వ. నేను రూపాయి పిడికిట్లో బిగించాను. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి నా రూపాయి నాకే వదిలేసి, తన దండలోని పువ్వు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుకోనిచ్చింది. కైవారలో తన చెల్లెలికీ ఇలాంటి దండే ఉందని, అది చూడ్డానికి తనూ వస్తానని చెప్పింది.

పోయిన ఆదివారం ఇద్దరం కైవార పోయాం. చెల్లెలు ఆదరంగా చాప వేసింది. భూతద్దం అవ్వే లాక్కుంది. రూపాయలన్నీ తిప్పి తిప్పి చూసి, ఒక్క ముద్రా కనిపించకపోయేసరికి ఆమె మొహం వెలిగిపోయింది.

“నీకు యా గుర్తూ లేదు లేవే” అంది చెల్లెలితో.

ఆ ఇంట్లో మాకు కాఫీ రాలేదు. బస్టాండులో తాగాం.