పిడికిలి నిండా తాళంచెవులు

మా అమ్మ దృష్టిలో లోకంలో ముఖ్యమైన పరిశోధన ఒక్కటే, నేను మాత్ర వేసుకున్నానా లేదా అన్నది. మా నాన్న రైల్వే వర్క్‌షాపు నుంచి వస్తూనే అదే ప్రశ్న కళ్ళతో అడిగేవాడు. నోటితో అడిగితే పక్క క్వార్టర్ వాళ్ళు వింటారట! లాలాగూడలో నా చిన్నతనమంతా ఇలా గుసగుసల్లోనే గడిచింది. నాకు మూర్ఛ వస్తుందన్న సంగతి మా ముగ్గురికీ, డాక్టరుకూ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. "బయట నోరు జారకు బిడ్డా, రేపు నిన్నెవడు చేసుకుంటడు, నీకు నౌకరెవడిస్తడు" అని అమ్మ రోజూ జడ వేస్తూ హెచ్చరించేది.

అలాంటిదాన్ని పోయి పోయి ఫార్మకాలజీలో చేరి, మూర్ఛ మీదే పీహెచ్‌డీ తీసుకున్నాను. మొక్కల నుంచి తీసిన సుగంధ తైలాలు ఎలుకల్లో ఫిట్స్‌ను ఆలస్యం చేస్తాయా, తొందర చేస్తాయా అని చూడటం నా పని. మా గైడ్ సారుది గుంటూరు వైపు. తార్నాకలో ఎన్నాళ్ళ నుంచి ఉన్నా ఆయన యాస చెక్కుచెదరలేదు. "ఇన్ని టాపిక్కులుండగా ఇదే ఎందుకమ్మాయ్?" అని అడిగారు. "ఇంట్రెస్ట్ సార్" అన్నాను. అబద్ధమేం కాదు కదా!

నిజం చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఉబ్బసం ఉన్న ఒక సీనియర్ అక్కను, ఎలుకల వాసన ఆమెకు పడదని, ఎంతో మర్యాదగా వేరే పనికి మార్చారు. ఎంత మర్యాదగా అంటే, పాపం ఆమె చదువే మానేసింది. నాకు ఫిట్స్ అని తెలిస్తే సూది పట్టనిస్తారా? ఎలుకల గది గడప తొక్కనిస్తారా? "రెస్ట్ తీసుకో తల్లీ" అని ఇంటికి పంపేస్తారు. ఆ మాట వినకుండా పీహెచ్‌డీ పూర్తి చేయాలి. నాకు కావలసింది అంతే.

పని చెప్పుకోవడానికి సులువే. అనుమతులన్నీ వచ్చాక, కొన్ని చిట్టెలుకలకు నిమ్మగడ్డి నూనె, కొన్నిటికి నీలగిరి తైలం, కొన్నిటికి ఏ నూనే లేని ఉత్త ద్రవం ఇవ్వాలి. కాసేపాగి, ఫిట్స్ తెప్పించే మందు ఇవ్వాలి. ఏ ఎలుకకు ఎంతసేపటికి మొదలైందో చూడాలి. మొదటిసారి నా కళ్ళ ముందు ఒక ఎలుక కొట్టుకుంటుంటే గడియారం బల్ల మీద పెట్టేశాను. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. నేనూ ఇలాగే ఉంటానా? నన్ను నేను ఎప్పుడూ చూసుకోలేదు మరి. ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ గడియారం పట్టుకున్నాను. వాటికి పెట్టే బాధ వృథా కాకూడదంటే లెక్క తప్పకూడదు.

కానీ ఒక చిక్కు వచ్చి పడింది. టైము చూసే మనిషికి ఏ ఎలుక ఏ నూనె తాగిందో తెలియకూడదు. తెలిస్తే మనసు మనకు కావలసిన వైపే లాగుతుంది. పంజరాల మీద పేర్లు దాచాం సరే, వాసన దాచేదెట్లా? గదిలోకి అడుగు పెడితే చాలు, నిమ్మగడ్డి ఏదో నీలగిరి ఏదో ముక్కు చెప్పేస్తోంది. సారు తల పట్టుకున్నారు. నేను అన్నిటినీ ఫోన్‌లో వీడియో తీసి, ఇంకొకరితో కలగలిపించి, వేరే గదిలో కూర్చుని టైము చూశాను. వీడియోకు వాసన ఉండదు! ఆ ఉపాయం నాదే. ఇప్పటికీ ఎవరైనా ఆ పద్ధతి గురించి అడిగితే నాకు మెడ కొంచెం నిటారుగా అవుతుంది.

నిమ్మగడ్డి ఎలుకలకు ఫిట్స్ ఆలస్యంగా వచ్చాయి. నీలగిరి ఎలుకలకు, ఏ నూనే ఇవ్వని వాటికన్నా కూడా ముందే వచ్చాయి. "జలుబుకు పీల్చే నూనెమ్మా అది!" అని సారు నమ్మలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే వచ్చింది.

థీసిస్ ఇచ్చే ముందు అందరి ఎదుటా సెమినార్ చెప్పాలి. మాత్రలు మానలేదు కానీ, స్లైడ్లు దిద్దుకుంటూ నిద్ర చెడగొట్టుకున్నాను. నీలగిరి స్లైడ్ దగ్గరికి వచ్చేసరికి నాలుక మీద ఇనుము నాకినట్టు రుచి. నాకు ఆ రుచి తెలుసు. "ఒక్క నిమిషం" అందామనుకున్నాను. తర్వాత నాకేమీ తెలియదు.

తెలివి వచ్చేసరికి నేల మీద ఉన్నాను. కుడిచెయ్యి బరువుగా ఉంది. చూస్తే పిడికిలి నిండా తాళంచెవులు! స్కూటర్లవీ, ఇళ్ళవీ, మా సారు కారుదీ. వాటిలో ఒక బీరువా తాళంచెవి కూడా ఉంది. సెమినార్‌కు బీరువా తాళంచెవి ఎందుకు తెచ్చుకున్నారో మహానుభావులు! ఆ గదిలో ఉన్నదంతా మూర్ఛ మీద పాఠాలు చెప్పేవాళ్ళే. ఒక్కరికి ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు. వాళ్ళ అమ్మమ్మలు చేసిందే చేశారు.

అంతేనా? మా డిపార్ట్‌మెంట్ మేడం ఒకావిడ పక్కన కూర్చుని, చిన్న సీసాలోని నూనెతో రుమాలు తడిపి నా ముక్కు దగ్గర పెడుతోంది. వాసన నాకు తెలియనిదా! ఆమె వెనక తెర మీద నా స్లైడ్ అలాగే వెలుగుతోంది, నీలగిరి తైలంతో ఫిట్స్ త్వరగా వచ్చాయని. నాలుక మందంగా ఉంది. ఎలాగో చెయ్యి అడ్డం పెట్టాను.

"మేడం... స్లైడ్ చూడండి."

అందరూ తెర వైపు తిరిగారు. మేడం రుమాలు వెనక్కి లాక్కుంది.

తల కుదుటపడ్డాక సారు నెమ్మదిగా అన్నారు. "ఇంటికెళ్ళమ్మా, రెస్ట్ తీసుకో. ఇంకో రోజు చూద్దాం."

ఇన్నేళ్ళూ భయపడిన మాట అదే! నాకు ఒళ్ళు మండింది. "పోను సార్. నాకు చిన్నప్పటి సంది ఉన్నది. గట్లనే గీడిదాకా వచ్చిన. జర సేపు కూసుంటా, మిగిలింది ఇయ్యాలనే చెప్తా. ముందు ఎవరి తాళాలు వాళ్ళు తీస్కోండి."

ఒక్కొక్కరే తల దించుకుని వచ్చి తీసుకున్నారు. సారు ఆఖరున వచ్చారు. "చదువు వేరు, కంగారు వేరమ్మాయ్" అని కారు తాళంచెవి జేబులో వేసుకుని, నాకు కుర్చీ ఆయనే తెచ్చి వేశారు.

కుర్చీలో కూర్చునే ముగించాను. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చేతిలో ఏమీ పెట్టకండి, ఏదీ వాసన చూపించకండి, ఎంతసేపు వచ్చిందో టైము చూడండి, ఎక్కువసేపైతే ఆసుపత్రికి తీసుకుపోండి అని స్లైడ్‌లో లేనివి కూడా చెప్పాను. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అడిగాడు, "మరి నువ్వు ఏ నూనె వాడుతున్నావమ్మా?"

"నేనా సార్? మాత్రలు. నిమ్మగడ్డి ఇంకా ఎలుకల దగ్గరే ఉంది."

చప్పట్లు కొట్టారు. జాలితో కాదు, నాకు తేడా తెలుసు. ఆ రోజు నా మీద నాకు కలిగిన గర్వం ఇంత అని చెప్పలేను.

మేడం మాత్రం కారిడార్‌లో నిలబడే ఉంది. చేతిలో ఇంకా ఆ సీసా.

"మా పాపకు గూడ ఉన్నది" అంది, నావైపు చూడకుండా. "కాలేజీల ఎవ్వరికీ తెల్వదు. వచ్చినప్పుడల్ల నేను గీ నూనెనే..."

"నేను చూసింది ఎలుకల్లో మేడం. మనుషులకు గట్లనే అయితదని అనలేను. కానీ ఇగ వద్దు. డాక్టర్‌ని అడగండి."

ఆమె సీసాను బ్యాగులో పెట్టబోయి, ఆగి, చెత్తబుట్టలో పడేసింది. "ఒక్కసారి మా ఇంటికొస్తవా? సలహాలేం చెప్పకు. దానికి కనబడు, సాలు."

వాళ్ళ ఇల్లు తార్నాకలోనే, అటునుంచి అటే వెళ్ళాం. ఇంటర్ చదివే పిల్ల తలుపు సగం తీసి, మొహం చిట్లించి, "ఎవరు మమ్మీ?" అంది. మేడం నా వెనక్కి జరిగింది. నేనే చెప్పాను.

"మీ మమ్మీ డిపార్ట్‌మెంటే. నాకు ఫిట్స్ వస్తయి. ఇయ్యాల సెమినార్ల అందరి ముంగట వచ్చింది."

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "అందరి ముంగటనా? మరి ఏం చేసినవ్ అక్కా?"

"లేసి మిగిలింది చెప్పిన."

పిల్ల తలుపు పూర్తిగా తీసి, గొంతు తగ్గించకుండా, మెట్ల మీద ఎదురింటివాళ్ళు వెళ్తున్నా ఆగకుండా అంది, "నాకు గూడ వస్తయి అక్కా." నా వెనక మేడం వెక్కి వెక్కి ఏడ్చింది.